ఉగ్గాణి బండి యజమానురాలి ముక్కు: ఒక కేస్ స్టడీ

రోగి వయసు 44 ఏళ్లు. కర్నూలులో భర్తతో కలిసి పదిహేడేళ్లుగా ఉగ్గాణి (నానబెట్టిన బొరుగులతో చేసే టిఫిన్), మిరపకాయ బజ్జీల బండి నడుపుతున్నారు. 2021 మే నెలలో కోవిడ్ సోకింది. ఆసుపత్రిలో చేరవలసిన అవసరం రాలేదు, ఊపిరి ఇబ్బంది కూడా లేదు. జ్వరం అయిదు రోజుల్లో తగ్గింది గాని, మూడో రోజున హఠాత్తుగా పోయిన వాసన మాత్రం జ్వరం తగ్గాక కూడా తిరిగి రాలేదు. జులై మొదటి వారంలో ఆమె నా చెవి, ముక్కు, గొంతు క్లినిక్‌కు వచ్చేనాటికి ఏడు వారాలు గడిచాయి. ఆమె అనుమతి తీసుకుని, ఆనవాలు పట్టడానికి వీలైన వివరాలను మార్చి ఈ కేసును రాస్తున్నాను.

నిజానికి ఆమె వాసన పోయిందని రాలేదు. పోయిన వాసన దానంతటదే వస్తుందిలే అని అప్పటిదాకా ఊరుకున్నారు. క్లినిక్ మెట్లు ఎక్కించింది గ్యాస్ సిలిండర్. ఒకరోజు తెల్లవారుజామున రెగ్యులేటర్ సరిగా కూర్చోక గ్యాస్ లీకవుతుంటే, ఆమె దాని పక్కనే కూర్చుని ఎర్రగడ్డలు తరుగుతూ ఉండిపోయారు. నిద్రలేచి వచ్చిన కొడుకు కేక వేసి అగ్గిపెట్టె లాక్కున్నాడు. "వాసన పోతే పోయింది సార్, గ్యాస్ లీకైనా తెలీడం ల్యా. వాడు లేకుంటే ఏమైతుండెనో" అన్నారు. వంటగ్యాస్‌కు స్వతహాగా వాసన లేదు. లీకును పసిగట్టడానికే అందులో ఇథైల్ మెర్కాప్టన్ అనే గంధకపు పదార్థాన్ని కలుపుతారు, మామూలు ముక్కు దాన్ని అతి స్వల్ప మోతాదులోనే పట్టేస్తుంది. వాసన పోయినవారిని నేను అడిగే మొదటి ప్రశ్న రుచి గురించి కాదు, ఇంట్లో పొయ్యి గురించే.

రుచి కూడా పోయిందని ఆమె చెప్పారు. ఈ ఫిర్యాదుతో వచ్చేవారిలో చాలామంది అలాగే చెబుతారు. నాలుక మీద ఉప్పు నీళ్లు, చక్కెర నీళ్లు, నిమ్మరసం విడివిడిగా వేసి చూస్తే మూడింటినీ తడుముకోకుండా చెప్పగలిగారు. పోయింది నాలుకకు తెలిసే రుచి కాదు, నమిలేటప్పుడు గొంతు వెనుక నుంచి ముక్కులోకి ఎక్కే వాసన. ఉగ్గాణిలో ఉప్పూ పులుపూ కారమూ నాలుకవి, తిరగవాత, పసుపు, పప్పుల పొడి ముక్కువి. ఈ తేడా చెప్పగానే ఆమె ఒక క్షణం ఆలోచించి, "అందుకే కారం ఒకటే తెలుస్తాంది" అన్నారు. కారం నిజానికి రుచీ కాదు, వాసనా కాదు. అది ముఖానికి స్పర్శ తెలిపే ట్రైజెమినల్ నాడి పని.

ఆ నాడే పరీక్షలో కూడా అక్కరకొస్తుంది. అమ్మోనియా సీసా మూత తీసి ముక్కు దగ్గర పెడితే వాసన పోయినవారు కూడా ఘాటుకు తల వెనక్కి తీసుకుంటారు. ఆమె తీసుకున్నారు, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అంటే ఆమె చెబుతున్నది నిజమని, నష్టం వాసన నాడి దారికే పరిమితమని తేలింది. ఎండోస్కోపుతో చూస్తే పాలిప్‌లు లేవు, చీము లేదు, ముక్కు పైకప్పు దగ్గరి ఇరుకు సందు రెండు వైపులా తెరిచే ఉంది. గాలి వాసన పొర దాకా పోతోంది, కానీ అందుకునేవారు లేరు.

వాసన పరీక్ష గురించి ఒక మాట. అమెరికాలో తయారైన, గీకి వాసన చూసే 40 వాసనల పుస్తకం ఈ రంగంలో చాలా పేరున్నది. అందులో రూట్ బీర్, డిల్ పికిల్ లాంటి వాసనలుంటాయి. మా జిల్లాలో పూర్తి ఆరోగ్యంగా ఉన్న ముక్కు కూడా వాటి దగ్గర తప్పుతుంది, ఎందుకంటే ఎన్నడూ ఎరగని వాసనకు పేరు పెట్టడం ఎవరి తరమూ కాదు. అందుకని నా దగ్గర పది చిన్న గాజు సీసాలుంటాయి: లవంగం, ఇంగువ, వాము, కాఫీ పొడి, నిమ్మతొక్క, సాంబ్రాణి, మరువం, వేయించిన పప్పుల పొడి, కొబ్బరి నూనె, తెల్లగడ్డ. కళ్లు మూయించి, ఒక ముక్కు రంధ్రం తర్వాత మరొకటి పరీక్షిస్తాను. ఇది శాస్త్రీయంగా ప్రమాణీకరించిన పరీక్ష కాదు, అయితే ఒకే మనిషిని నెలనెలా పోల్చుకోవడానికి సరిపోతుంది. మొదటి రోజు ఆమెకు పదిలో ఒక్కటీ తెలియలేదు. పప్పుల పొడి సీసాను మాత్రం ఇంకోసారి ఇమ్మని అడిగి, చాలాసేపు పట్టుకుని కూర్చుని, తిరిగి ఇచ్చేశారు.

రోగనిర్ధారణ కష్టం కాలేదు. వైరల్ జ్వరం తర్వాతి ఘ్రాణనష్టం. వాసన కణాల మీద కోవిడ్ వైరస్ నేరుగా దాడి చేస్తుందని మొదట్లో అనుకున్నాం. 2020లో వచ్చిన పరిశోధనలు వేరే సంగతి చూపాయి. వైరస్ లోపలికి దూరడానికి వాడుకునే ఏసీఈ2 అనే తలుపు వాసన నాడీకణాల మీద కాక, వాటికి ఆసరాగా నిలబడే పక్క కణాల మీద ఉంది. దూలాలు కాలితే పైకప్పు కూలినట్టు, ఆసరా పోయిన నాడీకణాలు పనిచేయలేకపోతాయి. ఆసరా కణాలు త్వరగా కోలుకుంటే వాసన రెండు మూడు వారాల్లో వస్తుంది. నాడీకణాలు కూడా పోయినచోట నెలలు పడుతుంది. ఏడు వారాలు దాటిందంటే ఈమెది రెండో కోవ అని భావించాను.

ఇక్కడే నేను ఒక పొరపాటు మాట అన్నాను. ఆమె అడిగిన ప్రశ్న సూటిగా ఉంది: "మెదడులో వాసన కణాలు చచ్చిపోయినాయని ఎవరో చెప్పినారు సార్. మళ్లీ పుడతాయా?" పుడతాయమ్మా, మెదడులోని వాసన కేంద్రంలో పెద్దవాళ్లయ్యాక కూడా రోజూ కొత్త నాడీకణాలు వచ్చి చేరతాయి అని ధైర్యం చెప్పాను. పీజీ రోజుల్లో నేను చదువుకున్నది అదే. పక్కన నిలబడ్డ కొడుకు, ఇంటర్మీడియెట్ బైపీసీ విద్యార్థి, మెల్లగా అడిగాడు: "మనుషుల్లో కూడానా సార్, ఎలుకల్లోనా?" ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, పదేళ్లుగా తిరగేయని విషయాన్ని మళ్లీ చదవవలసి వచ్చింది.

ఎలుకల సంగతిలో నేను చెప్పింది సరైనదే. పూర్తిగా ఎదిగిన జంతువుల మెదడులోనూ కొత్త నాడీకణాలు పుడుతున్నాయని జోసెఫ్ ఆల్ట్‌మన్ 1960లలోనే ప్రకటించారు. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. మెదడు మధ్యలోని ద్రవపు గదుల గోడల్లో మూలకణాలు విభజన చెందుతాయి, ఆ పిల్ల కణాలు ఒకదాని మీద ఒకటి పాకుతూ, చీమల బారులాగా ముందుకు నడిచి, ముక్కు పైన కూర్చున్న ఆల్ఫాక్టరీ బల్బును చేరతాయి. పాఠ్యపుస్తకాల్లో దాన్నే ఘ్రాణ లంబిక అంటారు. ఈ బారు ప్రయాణాన్ని 1994లో లోయిస్, అల్వారెజ్-బుయ్యా స్పష్టంగా చూపించారు. చిట్టెలుకలో రోజుకు వేల సంఖ్యలో కణాలు ఇలా బయలుదేరతాయి. చేరినవాటిలో దాదాపు సగం కొన్ని వారాల్లోనే చనిపోతాయి, ఏవి బతకాలన్నది వాసన అందడం మీద ఆధారపడుతుంది. ముక్కు మూసిన ఎలుకలో ఎక్కువ చస్తాయి, రకరకాల వాసనల మధ్య పెంచిన ఎలుకలో ఎక్కువ బతుకుతాయి. అయితే ఆ కొత్తవన్నీ ముఖ్యంగా గ్రాన్యూల్ కణాలు, అంటే పక్క కణాల కేకను అణిచి సంకేతానికి పదును పెట్టేవి. బల్బు నుంచి మెదడుకు కబురు మోసే మైట్రల్ కణాలు ఎలుకలో కూడా పుట్టుకతో వచ్చినవే, మళ్లీ పుట్టవు.

మనిషి దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. ఈ పిల్ల కణాల బారు పసిబిడ్డల్లో కనిపిస్తుంది గాని, సుమారు 18 నెలల వయసు దాటాక దాదాపు ఆగిపోతుందని 2011లో చూపారు. మరుసటి సంవత్సరం స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో యోనాస్ ఫ్రీసెన్ బృందం ఇంకా గట్టి సాక్ష్యం తెచ్చింది. ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది కనుక కొంచెం వివరిస్తాను. 1950ల మధ్య నుంచి 1963 వరకు భూమి మీద, ఆకాశంలో జరిపిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 మోతాదు దాదాపు రెట్టింపైంది, పరీక్షలను నిషేధించే ఒప్పందం తర్వాత అది ఏటా తగ్గుతూ వచ్చింది. గాలి నుంచి పంటలోకి, పంట నుంచి మన పళ్లెంలోకి, పళ్లెం నుంచి కణం పుట్టేటప్పుడు తయారయ్యే డీఎన్ఏలోకి ఆ కార్బన్ చేరుతుంది. కాబట్టి ఒక కణపు డీఎన్ఏలో కార్బన్-14 ఎంత ఉందో కొలిస్తే, అది ఏ సంవత్సరంలో పుట్టిందో తెలుస్తుంది. చనిపోయినవారి బల్బుల్లోని నాడీకణాలను ఇలా కొలిచినప్పుడు, వాటి వయసు ఆ మనిషి వయసుతో సరిపోయింది. కొత్తవి పుట్టినా, నూరేళ్లలో నూటికి ఒక్కటైనా మారవన్నది వారి లెక్క. బల్బులోని నాడీకణాలు కాని ఇతర కణాలు మాత్రం మారుతూనే ఉన్నాయి.

అంటే ఆ తల్లికి నేను చెప్పింది తప్పు. అదృష్టవశాత్తు ఆమెకు కావలసిన జవాబు మాత్రం తప్పు కాలేదు, ఎందుకంటే మరమ్మతు జరిగే చోటు వేరే ఉంది. ముక్కు పైకప్పులోని వాసన పొరలో నాడీకణాలు నేరుగా గాలికి ఎదురుగా ఉంటాయి. దుమ్ము, పొగ, వైరస్, అన్నీ వాటినే ముందు తాకుతాయి. అందుకే కాబోలు, శరీరంలోని నాడీకణాల్లో చాలా అరుదైన వెసులుబాటు వీటికి ఉంది: కింద పొరలో మూలకణాలు కాపు కాస్తూ, పైవి రాలిపోగానే కొత్తవి తయారుచేస్తాయి. పెద్ద వయసు మనుషుల పొరలో కూడా అలాంటి పసి నాడీకణాలు ఉన్నాయని 2020లో ఒక్కొక్క కణాన్నీ విడివిడిగా పరీక్షించి నిరూపించారు. తర్వాతి విజిట్‌లో నేను నా మాట సరిదిద్దుకున్నాను. "మీ అబ్బాయి చెప్పింది నిజమమ్మా. కొత్తవి మెదడులో కాదు, ముక్కులోనే పుడతాయి. పుట్టాక మెదడు దాకా దారి వెతుక్కోవాలి." అబ్బాయి నవ్వు దాచుకోలేకపోయాడు.

చికిత్స చెప్పుకోవడానికి చిన్నది. ఆమెకు షుగర్ అదుపులో లేదు కనుక స్టెరాయిడ్ మాత్రలు ఇవ్వలేదు. మందుల షాపులో ఎవరి సలహా మీదో కొని మింగుతున్న జింకు మాత్రలు ఆపించాను. ఉప్పునీటితో ముక్కు కడుక్కోమన్నాను. అసలు పని వాసన సాధన. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ 2009లో ప్రకటించిన పద్ధతి ఇది: గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్ అనే నాలుగు వాసనలను రోజుకు రెండు పూటలు, పన్నెండు వారాల పాటు పీల్చాలి. నీలగిరి తైలం, లవంగాలు, నిమ్మతొక్క ఇంట్లో దొరికాయి. గులాబీకి మాత్రం పాతబస్తీలో కొన్న చిన్న అత్తరు సీసా. ఒక్కో సీసాకు పదిహేను, ఇరవై సెకన్లు, మధ్యలో కాస్త విరామం. పీలుస్తున్నప్పుడు ఆ వస్తువును మనసులో చూడమన్నాను. రాకపోయినా పీల్చమన్నాను, ఇది చెప్పడం తేలిక, చేయించడం కష్టం. వాసనే రాని సీసాను రోజూ రెండుసార్లు ముక్కు దగ్గర పెట్టుకోవడం ఎంత నిరాశగా ఉంటుందో చేసినవారికే తెలుసు. ఇంట్లో, బండి దగ్గర గ్యాస్ అలారం పెట్టించాను.

ఆగస్టు అంతా ఏమీ లేదు. సెప్టెంబరు మూడో వారంలో అపాయింట్‌మెంట్ లేకుండానే వచ్చి కూర్చున్నారు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. బండి దగ్గర బాండీలో ఎర్రగడ్డలు వేయగానే మురికి కాలవ, కాలిన రబ్బరు కలిపినట్టు కంపు కొట్టి వాంతి అయిందట. కాఫీ అదే కంపు. వేయించిన పప్పులు అదే కంపు. చివరికి కోడలు ఇంట్లో తిరగవాత పెడితే వీధిలోకి వెళ్లి నిలబడుతున్నారు. ఆరు కిలోలు తగ్గారు. "ఉన్నదాంట్లో వాసన లేకపోవడమే మేలు సార్, ఇదేం వచ్చింది?" అన్నారు.

ఆ రోజు నేను లోలోపల సంతోషించాను, అది ఆమెకు చెప్పడానికి మాత్రం మాటలు కూడదీసుకోవలసి వచ్చింది. ఈ వికృత వాసనను పరోస్మియా అంటారు. వైరస్ తర్వాతి ఘ్రాణనష్టంలో ఇది సాధారణంగా రెండు మూడు నెలలకు మొదలవుతుంది. ఎందుకన్నదానికి బలమైన వివరణ ఒకటుంది. మనిషిలో పనిచేసే వాసన గ్రాహకాలు దాదాపు 400 రకాలు. ఈ గ్రాహకాల జన్యువులను 1991లో కనిపెట్టినందుకే లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. ఒక్కో నాడీకణం ఒక్క రకం గ్రాహకాన్నే ధరిస్తుంది. ఒకే గ్రాహకం గల కణాల తీగలన్నీ, ముక్కుకూ మెదడుకూ మధ్యనున్న జల్లెడ ఎముక రంధ్రాల గుండా పైకెక్కి, బల్బులో తమకు కేటాయించిన కొన్ని ముడుల దగ్గరికే చేరతాయి. పాత కణాలు చనిపోయి కొత్తవి మొలిచాక, తీగలు కొన్ని దారి తప్పి పక్క ముడికి తగులుకుంటాయి, కొన్ని రకాల కణాలు ముందే సిద్ధమై, కొన్ని ఇంకా రాక, తంబూరాలో రెండు తీగలే తెగకుండా మిగిలినట్టు వాసన సగం సగంగా మోగుతుంది. కాఫీలో కొన్ని వందల వాసన పదార్థాలున్నాయి, ఆ గుంపులో రెండు మూడు గంధకపు పదార్థాలు మాత్రమే తెలిస్తే అది కాఫీ కాదు, కంపే.

అన్ని వాసనలూ ఒకే తీరుగా వికృతం కావు. కాఫీ, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, వేయించిన, కాల్చిన పదార్థాలు ముందుంటాయి. కాఫీలోని ఫ్యూరాన్ మీథేన్ థయోల్ అనే పదార్థాన్ని ప్రధాన దోషిగా 2022లో ఇంగ్లండ్ పరిశోధకులు గుర్తించారు. ఈ జాబితాను, ఉగ్గాణి బండి మీద జరిగే పనులను పక్కపక్కన పెట్టి చూస్తే ఆమె దురదృష్టం అర్థమవుతుంది: తిరగవాతలో ఎర్రగడ్డలు, పొడికి వేయించిన తెల్లగడ్డలు, పప్పులు, పొద్దున్నే ఒక గ్లాసు కాఫీ. బొరుగులు నానబెట్టి పిండడం, నిమ్మకాయ పిండడం తప్ప ఆమె వృత్తిలో ఏ పనీ ఆమెకు మిగల్లేదు. కొన్నాళ్లు కోడలు బాండీ దగ్గరికి వెళ్లారు, ఈమె పొట్లాలు కట్టి డబ్బులు తీసుకునేవారు. తిండికి చల్లారిన పదార్థాలు, పెరుగన్నం, దోసకాయ ముక్కలు, ఉడకబెట్టిన గుడ్డు సూచించాను. వేడి మీద ఆవిరితో పైకెక్కే వాసన చల్లబడ్డాక అంతగా పీడించదు. సాధన ఆపవద్దన్నాను. "ఇది కొత్త కణాలు వచ్చి దారి తప్పుతున్న గుర్తమ్మా, కణాలే లేకుంటే కంపు కూడా ఉండదు" అన్నాను. నమ్మారో లేదో తెలియదు, అత్తరు సీసా మాత్రం ఎత్తిపెట్టలేదు.

ఇదే కాలంలో నా దగ్గరున్న మరో రోగిని ఇక్కడ ప్రస్తావించకపోతే ఈ కేసు సగమే అవుతుంది. 27 ఏళ్ల యువకుడు, నంద్యాల రోడ్డు మీద బైకు జారి తల వెనుక భాగం రోడ్డుకు తగిలింది. స్పృహ తప్పింది పది నిమిషాలే, ఎముక విరగలేదు, వాసన పూర్తిగా పోయింది. తల వెనుక దెబ్బకు మెదడు కపాలంలో ముందుకు ఊగి, జల్లెడ ఎముక రంధ్రాల్లోంచి వచ్చే సన్నని నాడీ తీగలు కోసినట్టు తెగిపోతాయి. అతనికి కూడా ముక్కు పొరలో మూలకణాలు ఉన్నాయి, అవి కూడా కొత్త కణాలను పుట్టిస్తాయి. కానీ తీగ పైకెక్కవలసిన రంధ్రాల దగ్గర మచ్చకట్టిన కణజాలం అడ్డం. రెండేళ్ల సాధన తర్వాత కూడా అతనికి పదిలో సున్నా. పరోస్మియా ఒక్కరోజు కూడా రాలేదు. ఎమ్మారైలో అతని బల్బులు చిన్నబోయి కనిపించాయి. మామూలుగా ఒక్కోటి పరిమాణంలో పెసర గింజకు కాస్త ఎక్కువ ఉంటుంది, అతనివి గీతల్లా ఉన్నాయి. ఈ కుంచించుకుపోవడాన్ని కణాలన్నీ చనిపోయాయని చదవకూడదు. వాసన కబురు అందని బల్బులో కణాల మధ్య కొమ్మలు, కలయికలు తగ్గిపోతాయి, ముడుల చుట్టూ ఉండే కణాలు బతికే ఉండి డోపమైన్ అనే సంకేత రసాయనాన్ని తయారుచేయడం మానేస్తాయి. ముక్కు మూసిన జంతువుల్లో ఇది చాలాకాలం కిందటే కనిపించింది. కబురు మళ్లీ వస్తే కొంత తిరిగి కోలుకుంటుంది కూడా. మనిషి బల్బుకు కొత్త కణాల కోటా లేదు కనుక, అది చేయగలిగిందల్లా ఉన్న కణాలతోనే సర్దుకోవడం.

ఉగ్గాణి బండి దగ్గరికి తిరిగి వస్తే, నవంబరు నెలాఖరున సీసాల పరీక్షలో మొదటిసారి ఒక జవాబు వచ్చింది. లవంగం సీసా ఇచ్చాను. కళ్లు మూసుకుని పీల్చి, నుదురు ముడిచి, "ఏదో తియ్యగా, దూరం నుంచి... పన్ను నొప్పికి పెట్టుకుంటామే, అది" అన్నారు. కుడి రంధ్రంలోనే తెలిసింది, ఎడమలో రాలేదు. తర్వాత నిమ్మ, ఆ తర్వాత ఇంగువ, ఫిబ్రవరిలో మరువం. 2022 మార్చికి ఎర్రగడ్డల కంపు బలహీనపడి, "పచ్చివి ఫరవాలేదు, వేగితేనే" అనే దశకు వచ్చింది. పన్నెండు వారాల సాధనను నేను పొడిగిస్తూ పోయాను. పొడిగిస్తే, వాసనలు మార్చితే ఫలితం మెరుగన్న తర్వాతి అధ్యయనాలు దానికి ఆధారం. నాలుగు నెలల తర్వాత గులాబీ బదులు వాము, యూకలిప్టస్ బదులు సాంబ్రాణి పెట్టాను. సాధన వల్ల వచ్చిన మేలు ఎంత, కాలం తెచ్చిన మేలు ఎంత అని ఒక్క రోగిని చూసి తూకం వేయలేం. వైరస్ తర్వాత చాలామందికి సాధన లేకుండానే కొంత వాసన తిరిగి వస్తుంది కూడా.

2022 ఆగస్టులో చివరి పరీక్షలో పదిలో ఏడు. రానివి కాఫీ, తెల్లగడ్డ, కొబ్బరి నూనె. గ్యాస్ వాసన విడిగా పరీక్షించడానికి నా దగ్గర మార్గం లేదు గాని, సిలిండర్ మార్చేటప్పుడు వాల్వు దగ్గర చిన్నగా తెలుస్తోందని ఆమె చెప్పారు. అలారం అయినా తీయవద్దన్నాను, తీయలేదు. పప్పుల పొడికి తెల్లగడ్డలు ఇప్పటికీ కోడలే వేయిస్తారు, పొడి దంచి, నోట్లో వేసుకుని, సరిపోయిందో లేదో చెప్పడం మాత్రం అత్త దగ్గరికి తిరిగి వచ్చింది.